పెరుగుమను ఆజ్ఞ: నోటి కేన్సరు పుట్టు విధము

బిలాసపురమునుండి రాయపురము వైపు పోవు రైలు మార్గమున దాదాపారా, చకర్‌భఠా స్టేషనులు దాటిన పిమ్మట బిల్హా వచ్చును. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూరు రైల్వే ఈ మార్గమును చేపట్టి తూర్పునకు పొడిగించెను. ఆ రైల్వే పట్టాలే మఱియొక వైపున వాల్తేరు వరకును పోయినవి. 1931 నాటికి విజయనగరమునుండి రాయపురమునకు కొండలమీదుగా మార్గము పూర్తియైనది. పట్టాల వెంబడి మనుష్యులును నడచుట సహజము. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పనివాండ్రు, ఫిట్టర్లు, గుమాస్తాలు, వారి కుటుంబములు ఇటు వచ్చి స్థిరపడిరి. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైన బిలాసపురమునందును, దాని చుట్టుపట్ల స్టేషనులందును నేటికిని తెలుగు మాట వినవచ్చుటకు అదియే మూలము.

ఇట్లు వచ్చినవారిలో స్వగ్రామమునందలి చుట్టను వెంట తెచ్చుకొనినవారు కొందఱు. ఇచ్చటి గుడాఖుకు అలవాటు పడినవారు కొందఱు. గుడాఖు అనగా పొగాకు పొడి, బెల్లపు మడ్డి, సున్నము, ఎఱ్ఱమన్ను కలిపి నూరిన ముద్ద. దానిని వ్రేలితో పండ్లకును చిగుళ్ళకును రుద్దుదురు. పండ్లు శుభ్రపడునను భావముతో స్త్రీలు, పిల్లలు సైతము ఉదయమున దానితోనే ముఖము కడుగుట ఛత్తీసుగఢ్ పల్లెలలో సామాన్యమైన దృశ్యము. 2016–17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారము దేశములోని పెద్దవారిలో నూటికి 28.6 మంది ఏదో ఒక రూపమున పొగాకు వాడుచుండగా, ఛత్తీసుగఢ్ రాష్ట్రమునందు నూటికి 39.1 మంది వాడుచుండిరి. వీరిలో పొగ త్రాగువారికంటె నమలువారును రుద్దుకొనువారును ఎక్కువ.

భారతదేశమున 2022లో ఒక లక్షా నలువది వేలకు మించి క్రొత్తగా నోటి కేన్సరు రోగులు ఏర్పడిరని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ లెక్కించినది. మన పురుషులకు వచ్చు కేన్సరులలో దీనిదే మొదటి స్థానము. పెద్దలు దీనినే పుట్టకురుపనియు, రాచపుండనియు పిలిచి, కర్మఫలమని తలచి మిన్నకుండెడివారు. అది కర్మఫలము కాదు. ఒకరినుండి యొకరికి అంటుకొను జాడ్యమును కాదు. శరీరమునకు మిక్కిలి అవసరమైన ఒక ఏర్పాటు చెడిపోవుటచే పుట్టు వ్యాధి. ఆ ఏర్పాటు ఎట్టిదో, పొగాకు దానిని ఎట్లు చెఱచునో తెలిసికొనిన యెడల, నోటిలోని చిన్న మచ్చను ఏల అలక్ష్యము చేయరాదో తేటపడును.

గాయము మానుటలోని రహస్యము

భోజనము చేయునపుడు బుగ్గ కొఱుకుకొనుట అందఱికిని అనుభవమే. నాలుగైదు దినములు మంట యుండి, పిమ్మట గాయము పూడిపోవును. చేతిమీది గాయముకంటె నోటిలోని గాయము త్వరగా మానును. ఇచ్చట రెండు ప్రశ్నలు కలుగును. గాయము పూడ్చుటకై రెండుగా, నాలుగుగా విభజింపవలసినదని అంచులయందలి జీవకణములకు చెప్పినవారెవరు? గాయము పూడిన వెంటనే, ఇక చాలునని వానిని ఆపినవారెవరు? మొదటి ప్రశ్నకంటె రెండవదియే మనకు ముఖ్యము. ఆపువారు లేకున్నచో బుగ్గలోని గాయము పూడి, ఉబ్బి, పుట్టయై, గొంతువఱకు ప్రాకును. కేన్సరు చేయు పని సరిగా ఇదియే.

మొదటి ప్రశ్నకు సమాధానము అనుకొనని త్రోవలో లభించినది. 1950 ప్రాంతమున ఇటలీ దేశపు శాస్త్రజ్ఞురాలు రీటా లెవీ మోంటాల్చినీ అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున కోడిగ్రుడ్లలోని పిండములపై పరిశోధన చేయుచుండెను. ఎలుకనుండి తీసిన కేన్సరు గడ్డ ముక్కను కోడిపిండమునకు అంటించి చూడగా, పిండములోని నరములు ఆ గడ్డలోనికి గుబురుగా పెరిగిపోయెను. ఆ గడ్డ ఏదో పదార్థమును స్రవించుచున్నదనియు, ఆ పదార్థమే నరములను పెరుగుమని ఆజ్ఞాపించుచున్నదనియు ఆమె ఊహించెను. 1953లో స్టాన్లీ కోహెన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆమెతో చేరెను. ఆ పదార్థము ఎట్టిదో తేల్చుటకై ఆయన ఒక పరీక్షలో పాము విషమును కలిపెను. విషము కలిపినది మఱియొక మలినమును విఱుగగొట్టుటకు మాత్రమే. కాని నరములు తగ్గుటకు మాఱుగా ఇనుమడించి పెరిగెను! వెదకుచున్న పదార్థము ఆ విషమునందే పుష్కలముగా నుండెను. పాము విషగ్రంథి, మిగిలిన జంతువుల లాలాజల గ్రంథి ఒకే జాతివి కనుక, కోహెన్ ఎలుక లాలాజల గ్రంథులను పరీక్షించెను. అందును ఆ పదార్థము సమృద్ధిగా దొరికెను.

కథ అంతటితో ముగియలేదు. ఆ గ్రంథుల సారమును అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు సూదిమందుగా ఎక్కింపగా, వాని కన్నులు కొన్ని దినములు ముందుగనే తెఱచుకొనెను. పండ్లును ముందుగనే మొలచెను. నరములను పెంచు పదార్థము రెప్పలను తెఱపింపజాలదు. కనుక ఆ సారములో రెండవ పదార్థమేదో యున్నదని కోహెన్ గ్రహించి, 1962లో దానిని వేఱుచేసి చూపెను. అది చర్మమును, నోటి లోపలి పొరను, ఇతర పైపొరలను పెంచు పదార్థము. దీనిని చర్మవృద్ధి కారకమందురు. అది యేబదిమూడు అమైనో ఆమ్లముల చిన్న మాంసకృత్తు. మానవుల లాలాజలమునందును అది కలదు. నోటిలోని గాయము త్వరగా మానుటకు అదియొక కారణము. ఈ పరిశోధనకు గాను వారిరువురికిని 1986లో నోబెల్ బహుమానము లభించినది. రెప్ప ఎందులకు ముందుగా తెఱచుకొనెనని అడుగక, దానిని పరీక్షలోని పొరపాటుగా తలచి పాఱవైచియుండినచో, నేటి కేన్సరు మందులలో కొన్ని మనకు దక్కకపోయెడివి.

అప్పటినుండి ఇట్టి వృద్ధి కారకములు అనేకములు బయటపడినవి. రక్తనాళములను పెంచునవి కొన్ని, నరములను పెంచునవి కొన్ని. వృద్ధిని ఆపునవియు కొన్ని కలవు.

లైను క్లియరు

రైల్వే కుటుంబములవారికి ఈ ఏర్పాటును బోధించుట సులభము. ఒక స్టేషనునుండి బండి బయలుదేఱవలెనన్నచో డ్రైవరు ఇచ్ఛ చాలదు. ముందరి స్టేషను లైను క్లియరు ఈయవలెను, లీవరు లాగవలెను, తీగ కదలవలెను, సిగ్నలు రెక్క వాలవలెను. బండి సిగ్నలు దాటగనే రెక్క తిరిగి పైకి లేచి అడ్డముగా నిలువవలెను. పూర్వపు రెక్క సిగ్నళ్ళకు బదులు రంగుదీపములు వచ్చినను ధర్మము మాఱలేదు. సిగ్నలునకు సహజస్థితి నిలుపుటయే, పోనిచ్చుట తాత్కాలికము.

జీవకణమునందును అట్లే. కణపు పైపొరయందు గ్రాహకములను మాంసకృత్తులు నాటుకొని యుండును. వాని సగభాగము కణమునకు వెలుపలను, సగము లోపలను ఉండును. వృద్ధి కారకము వచ్చి వెలుపలి భాగమును తాకగనే, రెండు గ్రాహకములు జంటగా కూడుకొనును. అప్పుడు లోపలి భాగములు మేల్కొని ఒకదానిపై నొకటి భాస్వరపు ముద్ర వేసికొనును. ఆ ముద్రను చూచి మఱికొన్ని మాంసకృత్తులు చేరును. అవి రాస్ అను చిన్న మాంసకృత్తును లేపును. లీవరువంటిది ఈ రాస్. అది లేచినంతసేపు వార్త ఒకరి చేతినుండి యొకరి చేతికి అందుచు కణకేంద్రమును చేరును. అక్కడి జన్యువులు పనికి పూనుకొనును, కణము రెండగును.

ఇందులో గమనింపవలసినది ఒకటి కలదు. రాస్ తనంతట తానే కొంతసేపటికి విశ్రాంతి స్థితికి మరలును. వృద్ధి కారకము పట్టుకొనిన గ్రాహకమును కణము లోనికి లాగికొని, చాలసార్లు జీర్ణము చేసికొనును. భాస్వరపు ముద్రలను చెఱపుటకు వేఱే మాంసకృత్తులు కాచుకొని యుండును. అనగా పెరుగుమను ఆజ్ఞకంటె ఆగుమను ఆజ్ఞకే ప్రకృతి ఎక్కువ శ్రద్ధ తీసికొన్నది.

వాలిన రెక్క లేవనిచో

1911లో పేటన్ రౌస్ అను అమెరికా వైద్యుడు కోళ్ళలోని ఒక కేన్సరు గడ్డను నూఱి, కణములు పోలేనంత సన్నని జల్లెడలో వడగట్టి, ఆ ద్రవముతోనే వేఱొక కోడికి కేన్సరు పుట్టించెను. ద్రవములో నుండినది వైరసు. ఈ మాట లోకము నమ్ముటకు అర్ధశతాబ్దము పట్టినది. ఆయనకు నోబెల్ బహుమానము 1966లో వచ్చినది. ఆ వైరసులో కేన్సరు పుట్టించు జన్యువు అసలు వైరసుది కాదనియు, పూర్వమెప్పుడో అది కోడినుండియే ఎత్తుకొనిపోయినదనియు 1976లో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్, వారి సహచరులు కనిపెట్టిరి. ఆ జన్యువు ఆరోగ్యవంతమైన కోడిలోను, తక్కిన జంతువులలోను, మనుష్యులలోను ఉన్నది. అనగా కేన్సరు బయటినుండి వచ్చిన దొంగ కాదు. ఇంటి లీవరే చెడిపోయినది.

1984లో మఱియొక వైరసు జన్యువు సంగతి తేలినది. అది చర్మవృద్ధి గ్రాహకమే గాని, వెలుపలి సగము తెగిపోయిన గ్రాహకము. వార్త అందుకొను భాగము లేకపోయినను, లోపలి భాగము ఎల్లప్పుడును వార్త అందినట్లే ముద్రలు వేయుచునే యుండును. ముందరి స్టేషను పలుకకున్నను సిగ్నలు వాలియున్నట్లు!

రాస్ కథలో తెలుగువారికి దగ్గఱి సంబంధము కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది అమెరికా వెళ్ళిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, అచ్చటి జాతీయ కేన్సరు సంస్థయందు మారియానో బార్బాసిడ్ మొదలగు వారితో కలసి, మానవుని మూత్రాశయ కేన్సరు కణములనుండి తీసిన రాస్ జన్యువును ఆరోగ్యవంతమైన రాస్ జన్యువుతో అక్షరమునకు అక్షరము పోల్చిచూచెను. కేన్సరు పుట్టించు శక్తికి కారణమైన భేదము ఒకే యొక అక్షరము. ఆ యొక్క మార్పువలన మాంసకృత్తులోని పండ్రెండవ స్థానమున గ్లైసీన్ ఉండవలసిన చోట వాలీన్ వచ్చి కూర్చున్నది. అంతమాత్రమున రాస్ తనంతట తాను విశ్రమించు శక్తిని కోల్పోయెను. ఈ సంగతి 1982లో ప్రకటితమైనది. అదే సంవత్సరము వేఱు రెండు పరిశోధక బృందములును ఇదే తీర్మానమునకు వచ్చినవి. ఒక అక్షరము తప్పినంత మాత్రాన పద్యము చెడునని మన ఛందస్సు చెప్పును. ప్రాణమే చెడునని ఈ పరిశోధన చెప్పినది.

1991లో బొంబాయిలోని టాటా స్మారక కేంద్రమునకు చెందిన కేన్సరు పరిశోధనాలయమువారు పొగాకు నమలువారి నోటి గడ్డలను పరీక్షింపగా, సుమారు మూడవ వంతు గడ్డలలో ఈ జాతి రాస్ మార్పులే కనబడినవి. పాశ్చాత్య దేశములలో పొగ త్రాగువారి నోటి గడ్డలలో ఈ మార్పు బహు అరుదు. కనుక నమలు పొగాకు తన ముద్రను తాను వేసికొనుచున్నదని తలచుటకు ఆధారము దొరికినది.

ఒక్క లీవరు చెడినంతనే కేన్సరు పుట్టదనియు చెప్పవలెను. అట్లయినచో మానవజాతి ఎన్నడో నశించియుండును. చెడిన కణమును నిలిపివేయుటకును, అవసరమైనచో దానిని చంపివేయుటకును పి–53 అను కాపరి జన్యువు కలదు, అదియు చెడవలెను. నోటి కేన్సరులలో అత్యధిక భాగమునందు గ్రాహకములు తెగకపోయినను, ఉండవలసినదానికంటె అనేక రెట్లు ఎక్కువగా పుట్టుకొని వచ్చును; కొంచెపు వార్తకే కణము చెలరేగును. గడ్డ పెరిగిన కొలది రక్తము కావలెను గనుక, అది రక్తనాళములను తనవైపు లాగికొను కారకములను స్రవించును. ఈ సంగతిని 1971లో జూడా ఫోక్‌మన్ అను శస్త్రవైద్యుడు ప్రతిపాదించెను. ఇట్లు ఒకదాని వెంట నొకటి చెడుటకు ఏండ్లు పట్టును. ఆ యేండ్లే రోగికిని వైద్యునికిని దొరకిన అవకాశము.

పొగాకు, పోక

పొగాకులోని నైట్రోసమైనులను పదార్థములు కణములలోని జన్యువులకు అంటుకొని అక్షరములను మార్చును. ఇది మొదటి నష్టము. సున్నము, పొగాకు కలసిన ముద్ద దవడలో గంటలతరబడి నిలిచి పొరను ఒఱయుటవలన అచ్చట ఎల్లప్పుడును మానని గాయమువంటి స్థితి ఏర్పడును. మాన్పుటకై వృద్ధి కారకములు ఎడతెగక వచ్చుచునే యుండును. విభజన ఎక్కువైన కొలది అక్షరదోషములు తఱచగును. ఒకచేత లీవరును విఱుచుచు, రెండవచేత బండ్లను ఎడతెగక తోలుచున్నట్లు పొగాకు రెండు విధములను పనిచేయును.

పోకచెక్క మార్గము వేఱు. వృద్ధిని ఆపు కారకములలో ముఖ్యమైన దొకటి నోటి పైపొరకు ఆటంకమైనను, దాని క్రిందనున్న నారపొరకు మాత్రము ప్రేరకము. పోకను నిత్యము నమలువారిలో ఈ కారకము హెచ్చి, బుగ్గలలోపల నార పేరుకొని గట్టిపడును. పండ్ల నడుమ మూడు వ్రేళ్ళు దూర్చుట కష్టమగును. కారము తగిలిన మండును. ఇట్టి నోటిలో కేన్సరు పుట్టు ప్రమాదము అధికము. పొగాకు లేకున్నను పోకయే కేన్సరు కారకమని 2004లో అంతర్జాతీయ సంస్థ నిర్ణయించినది. తాంబూలము మన శుభకార్యములందు గౌరవస్థానమున నున్నది గనుక ఈ మాట కొందఱికి రుచింపకపోవచ్చును. కాని పొట్లములలో అమ్ము పోకపొడికిని పెండ్లినాటి తాంబూలమునకును మోతాదులో పోలిక లేదు.

శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి వచ్చిన కుటుంబములలోని వృద్ధస్త్రీలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. నిప్పు నోటిలోపల నుండునట్లు చుట్టను త్రాగుటను అడ్డపొగయందురు. గాలికి నిప్పు ఆఱకుండుటకో, చంటిబిడ్డపై నుసి పడకుండుటకో ఇట్లు అలవాటైనదని చెప్పుదురు. ఈ అలవాటున్నచోట కేన్సరు బుగ్గకంటె అంగిలియందు కనబడును; ఇతర ప్రాంతములలో గట్టి అంగిలికి కేన్సరు వచ్చుట చాల అరుదు. ఆంధ్రప్రదేశమున 10,169 మంది గ్రామీణుల నోళ్ళను పరీక్షించి, అడ్డపొగవలన అంగిలియందు కలుగు మార్పులను డెన్మార్కు దేశపు పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన మెహతా మొదలగువారు 1971లో వర్ణించిరి. అంగిలి తెల్లబడుట, చిన్న చిన్న ఎఱ్ఱని చుక్కలతో పొక్కులు లేచుట, నడుమ ఎఱ్ఱని మెత్తని మచ్చలు ఏర్పడుట అందు ముఖ్యములు. పిమ్మట శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడుకరులకు బోధ చేసి చూచిన పరిశోధన ఫలితములు 1986లో వెలువడినవి. అలవాటు మానినవారిలోను, తగ్గించినవారిలోను క్రొత్తగా తెల్లమచ్చలు పుట్టుట తగ్గినది. బోధ వ్యర్థము కాదనుటకు ఇది దృష్టాంతము.

మందుల సంగతి

వార్త అందుకొను గ్రాహకమును మూసివేసినచో కేన్సరు ఆగవలెను గదా అని శాస్త్రజ్ఞులు తలచిరి. అట్టి మందులు వచ్చినవి. సెటుక్సిమాబు గ్రాహకపు వెలుపలి భాగమును కప్పివేయును. తల, మెడ కేన్సరులకు కిరణచికిత్సతోపాటు దీని వాడుక 2006లో అమెరికాలో ఆమోదింపబడినది. క్యూబా దేశమున రూపొందిన నిమోటుజుమాబును అదే సంవత్సరము బెంగుళూరు కంపెనీ యొకటి మన దేశమున విడుదల చేసినది. ఎర్లోటినిబు అను మాత్ర కణములోనికి దూరి, భాస్వరపు ముద్ర వేయు భాగమునే అడ్డగించును.

ఇవి కొంత మేలు చేసినవి. ఆశించినంత మేలు చేయలేదు. గ్రాహకమును మూసినను దానికి క్రిందనున్న రాస్ చెడియున్నచో పై సిగ్నలును బిగించి ప్రయోజనమేమి? ఒక త్రోవ మూసిన కేన్సరు కణము మఱియొక గ్రాహకపు త్రోవ పట్టుటయు కలదు. అందుచే ఏ లీవరు చెడినదో రోగి రోగికి పరీక్షించి మందు నిర్ణయించు పద్ధతి నేడు పెంపొందుచున్నది.

వార్తను ఆపుటకు మాఱుగా కణపు విభజనకు కావలసిన సరుకునే ఆపు మార్గము వేఱొకటి కలదు. ఇది భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పేరుతో ముడిపడినది. ఆయన నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. జన్యువుల అక్షరములు కూర్చుటకు కణమునకు ఇది అవసరము. దానికి విరోధులైన పదార్థములను ఆ బృందమే రూపొందించెను. వానిలో అమైనోప్టెరిన్ అను దానితో పసిపిల్లల రక్తకేన్సరు తాత్కాలికముగా శమించుటను సిడ్నీ ఫార్బర్ 1948లో లోకమునకు చూపెను. సుబ్బారావు అదే సంవత్సరము మరణించెను. దాని సోదరమైన మెథోట్రెక్సేట్ నేటికిని చవుకయైన మందు.

ఈ రెండు మార్గములు ఇటీవల ఒకచోట కలసినవి. ముదిరిన తల, మెడ కేన్సరు రోగులకు మెథోట్రెక్సేట్, సెలికాక్సిబు, ఎర్లోటినిబు అను మూడు నోటి మందులను చిన్న మోతాదులలో ఇచ్చు పద్ధతిని బొంబాయి టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు పరీక్షించిరి. వీనికి నివోలుమాబు అను రోగనిరోధక మందును సాధారణ మోతాదులో పదవ వంతు లోపుగా చేర్చి చూచిన పరిశోధన 2022లో ప్రకటింపబడినది. మూడు మందులు మాత్రమే పుచ్చుకొన్నవారిలో ఒక సంవత్సరము తరువాత జీవించియున్నవారు నూటికి 16.3 కాగా, నాలుగవది చేర్చినపుడు 43.4. పేదరోగికి ఇది చిన్న విషయము కాదు. అయినను ఈ అంకెలను వేఱొక విధముగను చదువవలెను. ఎంత క్రొత్త మందు ఇచ్చినను, ముదిరిన దశలో వచ్చినవారిలో సగమునకు పైగా ఏడాది లోపల మరణించుచున్నారు. చిన్న పుండుగా నుండగనే శస్త్రచికిత్స చేయించుకొనినవారిలో మాత్రము అధిక సంఖ్యాకులు చిరకాలము జీవింతురు.

నోరు చూచుకొనుట

నోరు కన్నులకు కనబడు అవయవము. కడుపులోని గడ్డకు లేని ఈ సౌలభ్యమును వినియోగించుకొనుటకు అద్దము, వెలుతురు చాలును. పొగాకు, పోక వాడువారు నెలకొకసారి పెదవి లోపల, రెండు బుగ్గలు, చిగుళ్ళు, నాలుక ప్రక్కలు, నాలుక క్రింద, అంగిలి చూచుకొనవలెను. గుడాఖు రుద్దువారు చిగుళ్ళను, అడ్డపొగవారు అంగిలిని విడువకుండ చూడవలెను. రెండు వారములు దాటినను మానని పుండు, తుడిచినను పోని తెల్లని మచ్చ, ఎఱ్ఱని మచ్చ, కారణము లేక కదలు పన్ను, తగ్గుచున్న నోటి వెడల్పు, మెడలో నొప్పి లేని బిళ్ళ కనబడినచో వైద్యునికి చూపవలెను. ఎఱ్ఱని మచ్చ తెల్లనిదానికంటె ప్రమాదకరము. ఇవి చాలవఱకు నొప్పి పెట్టవు. నొప్పి లేదు గదా యని ఊరకుండుటయే ఎక్కువమంది చేయు పొరపాటు.

వైద్యుడు మచ్చనుండి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపును. కత్తి తగిలినచో కేన్సరు ప్రాకునను భయము మన ప్రజలలో బలముగా నున్నది. అది నిజము కాదు. ముక్క తీయక వ్యాధి ఏదో తేలదు. తేలక చికిత్స ఆరంభింపదు. ఆకుపసరులు, కాల్పులు పెట్టుచు గడపిన నెలలే వ్యాధిని ప్రాకనిచ్చును.

కేరళలోని తిరువనంతపురము జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింట నోళ్ళు పరీక్షించిన పరిశోధన ఫలితములు 2005లో ప్రచురింపబడినవి. పొగాకు, మద్యము అలవాటున్నవారిలో నోటి కేన్సరు మరణములు సుమారు మూడవ వంతు తగ్గినవి. ఆ పరీక్షకు యంత్రములు కావలసిరాలేదు. శిక్షణ పొందిన కన్ను చాలినది. ఇప్పుడు ముప్పది యేండ్లు దాటిన స్త్రీపురుషులకు నోటి పరీక్షయు, స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖ పరీక్షలును ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా చేయుటకు జాతీయ కార్యక్రమము కలదు. ఛత్తీసుగఢ్ గ్రామములలో 2002 నుండి పనిచేయుచున్న మితానినులు ఇందుకు త్రోవ చూపుదురు. హిందీ సరిగా రాని వృద్ధులతో ఇంటిలోని చదువుకొన్న పిల్లలు వెంట వెళ్ళుట మంచిది.

బిల్హా ప్రాంతమువారికి మచ్చ అనుమానాస్పదమని తేలినచో బిలాసపురములోని వైద్యకళాశాల ఆసుపత్రి దగ్గఱ. రైల్వే ఉద్యోగులకును, వారి కుటుంబములకును అక్కడి రైల్వే కేంద్ర ఆసుపత్రి కలదు. కిరణచికిత్సకు రాయపురమున ప్రాంతీయ కేన్సరు కేంద్రము కలదు. స్వస్థలమునకు పోయి చికిత్స పొందగోరువారికి విశాఖపట్టణమున హోమీ భాభా కేన్సరు ఆసుపత్రియు, హైదరాబాదున మెహదీ నవాజ్ జంగ్ కేన్సరు ఆసుపత్రియు ఉన్నవి. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద అర్హత గల కుటుంబమునకు సంవత్సరమునకు ఐదు లక్షల రూపాయల వఱకు ఆసుపత్రి ఖర్చు లభించును. కార్డును ముందుగనే తీసికొని యుంచుకొనినచో చేరిక నాడు జాప్యము కలుగదు. రోగి పూర్వపు చీటీలను, పరీక్ష ఫలితములను, ముక్క తీసిన గాజుపలకలను పాఱవేయక వెంట తీసికొనిపోవలెను. క్రొత్త ఆసుపత్రివారు మరల ముక్క తీయవలసిన అవసరము చాలసార్లు తప్పును.

పొగాకు మానదలచినవారు 1800-11-2356 అను నంబరునకు ఖర్చు లేకుండ ఫోను చేసి సలహా పొందవచ్చును. మానిన మొదటి వారము చిరాకు, నిద్రలేమి, నోరు వెలితిగా నుండుట సహజము. గుడాఖు రుద్దువారు దాని స్థానమున వేపపుల్లనో, మామూలు పండ్లపొడినో వాడవచ్చును. చాలకాలపు అలవాటును మానిన పిమ్మటను మచ్చలు వెంటనే మాయము కావు. కొన్ని నెలలలో తగ్గునవి కలవు, తగ్గనివియు కలవు. తగ్గని మచ్చను మానివేసితిమి గదా యని విడిచిపెట్టక, వైద్యుడు చెప్పిన గడువు ప్రకారము మరల మరల చూపించుకొనుచుండవలెను.